వంటచెఱకులోని నత్రజని
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు ఈ గ్రంథాలయమును దీపమువలె కాపాడుకొని వచ్చిన మీ యెదుట నిలిచి నాలుగు మాటలు చెప్పుట నాకు లభించిన గౌరవము. కార్యదర్శిగారు నన్ను ఆహ్వానించుటకు పిలిపించిన నాడు, "శాస్త్రవిషయ మేదైన చెప్పుడు, కాని అందఱికిని తెలియవలెను" అని షరతు పెట్టిరి. విషయమునకై నేను వెదకుకొన నక్కఱ లేకపోయెను. మేము మాటలాడుకొనుచుండగనే పఠనమందిరములో పత్రిక చూచుచున్న రైతు ఒకరు తలయెత్తి, "అయ్యా, వరికి మూడుసార్లు యూరియా చల్లాను. వడ్లు ఇంటికొచ్చాయి, గడ్డి చేలోనే తగలబెట్టాను. మరి ఆ గడ్డిలోకి పోయిన యూరియా బూడిదలో ఉంటుందా, పోతుందా?" అని యడిగిరి. ప్రక్కనే కూర్చుండిన ధాన్యపు మిల్లు యజమాని మఱొక ప్రశ్న చేర్చిరి. "ఊకతో గ్యాసు తీసి ఇంజను నడిపితే పొగా ఉండదు, మసీ ఉండదు అంటున్నారు. నిజమేనా?"

ఈ రెండు ప్రశ్నలును ఒకే ప్రశ్న. వంటచెఱకులో నున్న నత్రజని నిప్పులో పడినపుడు ఏమగును? ఈ పూట దానిని గూర్చియే చెప్పెదను.

మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే. 1772లో డేనియల్ రూథర్‌ఫర్డ్ అను స్కాట్లండు శాస్త్రజ్ఞుడు దీనిని వేఱుచేసి చూపెను. అంత నత్రజని చుట్టును ఉండగా కట్టెలో నున్న చిటికెడు నత్రజనిని గూర్చి చింత యేల అని మీకు తోచవచ్చును. గాలిలోని నత్రజని సోమరి వాయువు. దాని పరమాణువులు రెండేసి చొప్పున జంటలుగా, ముప్పేట త్రాటితో బిగించి కట్టినట్లుండును. ఆ కట్టు పొయ్యివేడికి వీడదు. సుమారు 1300 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన పిమ్మటగాని అది చెప్పుకోదగినంతగా ఆమ్లజనితో, అనగా ప్రాణవాయువుతో, కలియదు. ఆ కలయిక జరుగు విధమును 1940 దశకములో సోవియట్ శాస్త్రజ్ఞుడు యాకొవ్ జెల్డోవిచ్ వివరించెను. మోటారు ఇంజనులలో నట్టి వేడి కలుగును. మన పొయ్యిలోను, ఊక కాల్చు బాయిలరులోను సాధారణముగా అంత వేడి రాదు. కావున అచ్చట పుట్టు నత్రజని ఆక్సైడులకు మూలము చాలవఱకు వంటచెఱకులోని నత్రజనియే. గాలిలోనిది సాక్షివలె ఒకవైపున వచ్చి మఱియొకవైపున పోవును.

వంటచెఱకులోని నత్రజని జంటగట్టి యుండదు. అది మొక్క తన వేరుతో నేలనుండి తెచ్చుకొని మాంసకృత్తులుగా మార్చుకొన్నది. కర్బనముతోను, ఉదజనితోను కలిసి యుండుటచే నిప్పు తగులగనే కదలును. వెండ్రుకయో, కోడియీకయో కాలినపుడు ముక్కు మూసికొనవలసిన కంపు వచ్చును గదా. దూదివత్తి కాలిన ఆ కంపు రాదు. వెండ్రుకలో మాంసకృత్తు లున్నవి, దూదిలో దాదాపుగా లేవు. ఆ కంపులో గంధకమునకును, నత్రజనికిని రెంటికిని భాగమున్నది.

ఏ వంటచెఱకులో ఎంత నత్రజని యున్నదో కొలుచుటకు 1883లో డెన్మార్కుదేశపు రాజధానియగు కోపెన్‌హేగన్‌లో కెల్డాల్ అను రసాయనవేత్త ఒక పద్ధతి కనిపెట్టెను. పదార్థమును గంధకామ్లములో మరగించి, దాని నత్రజనిని అమ్మోనియాగా మార్చి కొలుచుట ఆ పద్ధతి. నేటికిని ప్రయోగశాలలలో అది వాడుకలో నున్నది. అట్టి కొలతలను బట్టి స్థూలముగా చెప్పినచో, బాగుగా ఎండిన నూఱు కిలోల కట్టెలో నత్రజని 100 మొదలు 300 గ్రాముల వఱకు ఉండును. ఊకలో నాలుగువందల గ్రాముల ప్రాంతము. వరిగడ్డిలో అరకిలో మొదలు ముప్పాతిక కిలో. పిడకలలో కిలోన్నర మొదలు రెండు కిలోలు. కోళ్ళ పెంటలో మూడు మొదలు ఐదు కిలోలు. చెట్టు మ్రానులో తక్కువ, బెరడులో ఎక్కువ, ఆకులో మఱింత ఎక్కువ. పశువు ఏది ఇష్టపడి తినునో దానిలో సాధారణముగా నత్రజని హెచ్చు. ఊకను పశువు ముట్టదు. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు, చివర మఱల దీనితో పనియున్నది.

ఇక నిప్పులో జరుగు కథ. గడ్డిపరకయైనను, కట్టెపేడైనను నిప్పులో పడగనే మొదట అందలి తడి ఆవిరియై పోవును. తరువాత 250 మొదలు 500 డిగ్రీల నడుమ అది లోలోపల ఉడికి ఆవిరులను క్రక్కును. మనము మంట యని చూచునది ఆ యావిరులు కాలుటయే. ఆవిరులు పోగా మిగిలినది బొగ్గు. అది మంట లేకుండ ఎఱ్ఱగా కాలును. నత్రజని ఈ ఘట్టములో రెండుగా చీలును. కొంత ఆవిరులతో పోవును, కొంత బొగ్గులో చిక్కుకొని ఆ బొగ్గు కాలునపుడు వెలువడును. ఆవిరులతో పోవునది ముఖ్యముగా అమ్మోనియా రూపమునను, కొంత హైడ్రోజన్ సయనైడు అను విషవాయువు రూపమునను పోవును. అమ్మోనియా మీకు క్రొత్తది కాదు. తెల్లవాఱుజామున పశువుల కొట్టము తలుపు తీయగనే కన్నులకు గ్రుచ్చుకొను ఘాటు అదియే.

ఈ అమ్మోనియా మంటలోనికి చేరుటతో అసలు చిక్కు వచ్చును. కాలువ రెండు పాయలైనట్లు దానికి రెండు దారులున్నవి. ఆమ్లజని విస్తారముగా నున్నచో అమ్మోనియా దానితో కలిసి నైట్రిక్ ఆక్సైడు అగును. ఇది గాలిలో చేరి మఱింత ఆమ్లజనిని పుచ్చుకొని ఊపిరితిత్తులకు కీడుచేయు ఎఱ్ఱని వాయువుగా మాఱును. ఎండలో ఓజోనును పుట్టించును. తుదకు వానలో నత్రికామ్లమై దిగును. ఆమ్లజని కఱవైనచోట అదే అమ్మోనియా అంతకుముందే పుట్టియున్న నైట్రిక్ ఆక్సైడును పట్టుకొని, రెండును కలిసి నిరపాయమైన నత్రజనిగను, నీరుగను మాఱిపోవును. అమ్మోనియాయే నేరస్థుడు, అమ్మోనియాయే నేరస్థుని పట్టు తలారి. ఏ వేషము వేయునో నిర్ణయించునది వేడియు, గాలియు.

ఇందొక విచిత్ర మున్నది. నత్రజని హెచ్చుగా నున్న వంటచెఱకు కాల్చినపుడు అందులో నైట్రిక్ ఆక్సైడుగా మాఱు వంతు తగ్గును, ఏలయన పట్టుకొను తలారులు కూడ హెచ్చుదురు. వంతు తగ్గినను మొత్తము మాత్రము హెచ్చియే యుండును. పిడకలను కట్టెలవలె శుభ్రముగా కాల్చవచ్చునని యెవరైన ఈ వంతును చూపి వాదించినచో నమ్మకుడు.

ఇప్పుడు రైతుగారి ప్రశ్నకు సమాధానము. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు ఐదున్నర కిలోల నత్రజని యుండును, అనగా పండ్రెండు కిలోల యూరియాలో నున్నంత. ఎకరమునకు రెండు టన్నుల గడ్డి వచ్చె ననుకొందము. ఇరువదినాలుగు కిలోల యూరియా. నేడు అమ్ముచున్న 45 కిలోల బస్తాలో సగమునకు పైన. ఆ గడ్డి కాలిన తరువాత బూడిదలో నత్రజని ఇంచుమించుగా ఏమియు మిగులదు. పొటాషు చాలవఱకు మిగులును, సున్నము మిగులును, భాస్వరములో ఎక్కువ భాగము మిగులును. నత్రజని మాత్రము పొగతో లేచిపోవును.

ఎట్లు లేచిపోవును? మంట భగ్గున మండుచున్న చోట నైట్రిక్ ఆక్సైడుగను, ఉత్త నత్రజనిగను. కోత యంత్రము విడిచిపోయిన గడ్డి మంచుకు తడిసి, కొయ్యకాళ్ళతో కలిసి, మండక రాజుకొనుచుండును గదా. అచ్చట అమ్మోనియాగను, హైడ్రోజన్ సయనైడుగను పచ్చిగనే పోవును. ఊకనిప్పువంటి ఆ రాజుకొను నిప్పే ఎక్కువ ఘాటైనది. వాతావరణ మార్పును పరిశీలించు అంతర్జాతీయ సంఘము 2006లో ప్రకటించిన లెక్కల మార్గదర్శిని ప్రకారము ఒక టన్ను ఎండిన పంట మిగులు కాలినచో రెండున్నర కిలోల నత్రజని ఆక్సైడులును, వానికి తోడు 70 గ్రాముల నైట్రస్ ఆక్సైడును గాలిలో కలియును. ఈ నైట్రస్ ఆక్సైడు వైద్యులు మత్తునకు వాడు నవ్వించు గాలియే. 70 గ్రాములే కదా యని తేలికగా తీసికొనరాదు. నూఱేండ్ల లెక్కలో అది భూమిని వేడిచేయుటలో బొగ్గుపులుసు వాయువునకు 273 రెట్లు బలము గలది.

న్యాయముగా ఇంకొక మాట చెప్పవలెను. గడ్డిని కాల్చక నేలలో దున్నినంత మాత్రమున ఆ ఇరువదినాలుగు కిలోల యూరియా మఱునాడే పైరునకు అందదు. వరిగడ్డిలో నత్రజనికంటె కర్బనము బహుళముగా నుండుటచే, దానిని క్రుళ్ళజేయు సూక్ష్మజీవులు మొదటి కొన్ని వారములు నేలలోని నత్రజనినే అప్పుగా తీసికొనును. అందుచేతనే గడ్డి దున్నిన మడిలో పైరు మొదట పచ్చదనము తగ్గి కనిపించును. ఆ అప్పు తరువాత తీఱును. దున్నుటకును నాట్లకును నడుమ వ్యవధి యిచ్చినచో ఈ చిక్కు తగ్గును. రెండవ పంటకు వ్యవధి లేదని మీరందురు; అది నిజమైన కష్టము, ఉపన్యాసముతో తీఱునది కాదు. గడ్డిని కట్టలుగట్టి పశువులకు తరలించు యంత్రములు కొన్ని గ్రామములలో వచ్చినవి. పశువు తిన్న గడ్డిలోని నత్రజని పేడ మూత్రముల ద్వారా పొలమునకు చేరుటకు అవకాశమైన నున్నది.

మిల్లు యజమానిగారి ప్రశ్న యింకను మిగిలియున్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలములో పెట్రోలు కఱవై మన జిల్లాలలో బొగ్గు బస్సులు నడచిన సంగతి మీ యిండ్లలో పెద్దలు చెప్పగా వినియుందురు. బస్సు వెనుక ఒక పొడుగాటి డ్రమ్ము, అందులో బొగ్గు. క్లీనరు కుఱ్ఱవాడు బయలుదేఱుటకు ముందు చాలసేపు విసరుచుండెడివాడట. అది గ్యాసు తీయు యంత్రమే. పూర్తిగా కాలుటకు కావలసిన గాలిలో నాలుగవ వంతో, మూడవ వంతో మాత్రమే లోనికి పంపినచో వంటచెఱకు కాలక, మండుటకు యోగ్యమైన వాయువుగా మాఱును. అందులో కార్బన్ మోనాక్సైడును, ఉదజనియు నూటికి ఇరువదేసి పాళ్ళ ప్రాంతమున నుండును. కొంచెము మీథేను, కొంత బొగ్గుపులుసు వాయువు. తక్కిన సగము నత్రజని. ఆ సగమును చూచి భయపడ నక్కఱలేదు. అది గాలితో వచ్చిన సోమరి నత్రజని, గ్యాసు బలమును పలుచనచేయుట తప్ప దానికి వేఱు పని లేదు. మన కర్ణాటక సోదరుల హోసహళ్ళి గ్రామములో, తుమకూరు జిల్లాలో, 1988లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థవారు కట్టెగ్యాసుతో దీపములు వెలిగించిరి. ఆ గ్యాసుతోనే తరువాత మంచినీటి పంపును, పిండిమరయు నడపిరి. కావున ఇది కలలోని మాట కాదు.

అయితే గ్యాసులో చూడవలసినది వంటచెఱకునుండి వచ్చిన నత్రజనిని. ఆమ్లజని కఱవుగా నున్న ఆ డ్రమ్ములో అది నైట్రిక్ ఆక్సైడు కాలేదు. ముఖ్యముగా అమ్మోనియాగనే నిలుచును, కొద్దిగా సయనైడు, మిగిలినది నత్రజని. రసాయన న్యాయము ప్రకారము ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీలలో అమ్మోనియా విడిపోయి నత్రజనియు ఉదజనియు కావలెను. కాని విడిపోవుటకు దానికి వ్యవధి చాలదు, తోడ్పడువారు లేరు. ఈ తోడ్పాటును గూర్చి ఒక చిత్రము చెప్పెదను. 1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియా చేయు మార్గము చూపెను. 1913లో కార్ల్ బాష్ ఓపావులో దానిని కర్మాగారముగా నెలకొల్పెను. మన యూరియా బస్తా కంతటికిని పుట్టిల్లు అదియే. ఆ కలయికకు ఇనుము తోడ్పడును, విపరీతమైన ఒత్తిడి కావలెను. ఒత్తిడి లేక వేడి హెచ్చుగా నున్నచో ఇనుమును, నికెలును అదే పనిని తలక్రిందుగా చేసి అమ్మోనియాను విడగొట్టును. పెద్ద గ్యాసు కర్మాగారములలో ఇందుకు నికెలును, డోలమైటు రాతిని వాడుదురు. చిన్న యంత్రములలో గ్యాసు పైనుండి క్రిందికి ఎఱ్ఱని బొగ్గుపొర గుండ దిగునట్లు అమర్చినచో తారు చాలవఱకును, అమ్మోనియా కొంతయు అందులో విడిపోవును.

విడిపోని అమ్మోనియా ఇంజనులోనికి పోయి అచ్చట పుష్కలమైన ఆమ్లజనితో కాలి నైట్రిక్ ఆక్సైడుగా గొట్టమునుండి బయటికి వచ్చును. కంటికి కనిపించదు. పొగ లేదు, మసి లేదు అనుట నిజమే. కీడు లేదనుట నిజము కాదు. అందుచేత గ్యాసును నీటితో కడుగుదురు. అమ్మోనియా నీటిలో ఇట్టే కరగును. అప్పుడది గ్యాసునుండి పోయి నీటిలో చేరినది, అంతే. నేనొక ఊరిలో ఇట్టి యంత్రమును చూడబోయితిని. యంత్రము చక్కగా నడచుచున్నది. యజమాని ఇంజను శబ్దమును వినుమని మురిసిపోవుచుండగా నా దృష్టి వెనుకనున్న బోదెపై పడెను. కడిగిన నీరు తేనెరంగున, తారు తెట్టుతో ఆ బోదెలోనికి పోవుచుండెను, బోదె చెఱువులోనికి. కొట్టపు ఘాటును, కాలిన తారు కంపును కలిసి వచ్చుచున్నవి. అమ్మోనియా యున్న నీరు చేపలకు విషము, తారులోని ఫినాలును విషమే. ఆ నీటిని మఱల మఱల త్రిప్పి వాడుకొని, మిగిలినదానిని శుద్ధిచేయు తొట్టి కట్టుటకు అయ్యెడి వ్యయమును ఆ యజమాని లెక్కలో వ్రాసికొనలేదు. మన మిల్లు యజమానిగారికి నా మనవి యొక్కటే: యంత్రపు ధర యడుగునపుడు నీటితొట్టి ధర కూడ అందులోనే యడుగుడు. ఊకలో నత్రజని తక్కువగుట మీ యదృష్టము.

గ్యాసు తీయకుండ నేరుగ కాల్చు బాయిలరులలో ఇంకొక ఉపాయమున్నది. గాలినంతయు ఒక్కసారి ఈయరు. మొదట కావలసినదానికంటె తక్కువ గాలి యిచ్చి, వేడిగా నున్న గదిలో ఆవిరులను కొంచెముసేపు, అరసెకను చాలును, నిలిపి, అమ్మోనియాకును నైట్రిక్ ఆక్సైడునకును పోరాడుకొను వ్యవధి యిత్తురు. అవి రెండును నత్రజనియైన తరువాత మిగిలిన గాలిని పైనుండి ఇచ్చి తక్కినదంతయు కాల్తురు. కట్టెతోనైనను ఇట్లు నైట్రిక్ ఆక్సైడును సగమునకు తగ్గించవచ్చును. ఇదియు చాలనిచోట ఏమి చేయుదురో తెలిసినచో మన రైతుగారు నవ్వుదురు. బాయిలరు పొగ 850 మొదలు 1000 డిగ్రీల నడుమనున్న చోట యూరియా ద్రావణమును చల్లుదురు! అది అమ్మోనియాయై నైట్రిక్ ఆక్సైడును పట్టుకొనును. వేడి హెచ్చినచో ఆ యూరియాయే నైట్రిక్ ఆక్సైడు అగును. తగ్గినచో అమ్మోనియాగా గొట్టముగుండ పోవును. మనము మడిలో చల్లి, గడ్డిలో పండించి, నిప్పులో పోగొట్టుకొన్నదానిని పట్టుటకు మఱల యూరియా బస్తా విప్పుట!

ఇంటి పొయ్యిని గూర్చి రెండు మాటలు. తల్లులు భయపడ నక్కఱలేదు. కట్టెల పొయ్యివద్ద మన మొదటి శత్రువు నత్రజని కాదు, పొగయు, కార్బన్ మోనాక్సైడును. వానికి విఱుగుడు ఎండిన కట్టె, గాలి వచ్చు పొయ్యి, పొగగొట్టము. పిడకల సంగతి వేఱు. పిడకలో నత్రజని కట్టెకంటె పదిరెట్లుకూడ ఉండవచ్చును. అది మండుటకంటె రాజుకొనుటయే యెక్కువ. ఆ పేడను గోబరు గ్యాసు తొట్టిలో వేసినచో మంటకు మీథేను వచ్చును, నత్రజని దాదాపు అంతయు అడుగున వెలువడు ముద్దలో మిగులును. నిప్పు మనకు కావలసినది కర్బనమునుండియు, ఉదజనినుండియు. నత్రజని కాలుటవలన అన్నము ఒక్క మెతుకైన ఎక్కువ ఉడుకదు.

ఇప్పుడు ఇందాక జ్ఞాపకముంచుకొను డన్న మాటకు వత్తును. పశువు ముట్టని ఊక, పురుగుపట్టిన కట్టె, సర్కారు తుమ్మ మోడు, ఇవి నిప్పునకు. పశువు తిను గడ్డి, వేరుసెనగ కట్టె, కంది ఆకు, జనుము, జీలుగ, పేడ, ఇవి నేలకు. ఇది నా అభిప్రాయము. కట్టె కొనలేని యింట పిడక కాల్చు తల్లిని నేను తప్పుపట్టను.

చివరగా బూడిద. మన పెరళ్ళలో పొయ్యి బూడిదను తెచ్చి పెంటకుప్పపై పోయుట వాడుక. పొటాషునకు బూడిద మంచిదే, కూరపాదులకు మేలైనదే. కాని బూడిద క్షారము. తడి పేడ మూత్రములతో కలిసినపుడు అది అందులోని అమ్మోనియాను వెడలగొట్టును. యూరియాతో కలిపి చల్లినను అంతే. నిప్పుకు చిక్కక మిగిలిన నత్రజనిని ఇట్లు బూడిదచేత తఱిమివేయుట మన యిండ్లలో ప్రతిదినము జరుగుచున్నది. బూడిదను వేఱుగ పొడిగ దాచి పాదులలో వేరుగనే వేయుడు, పెంటకుప్పను మట్టితో కప్పుడు.

అధ్యక్షులవారు గడియారమువంక చూచుచున్నారు. ప్రశ్న వేసిన రైతుగారు మూడవ వరుసలో కూర్చుండియున్నారు. వారికి ఇంకను సందేహమున్నచో సభానంతరము పఠనమందిరములోనే యుందును.